కండరం కంటే ముందు బరువు

మనిషి బొమ్మ నేర్చుకోవడం గురించి మా వైపు రెండు మాటలు గట్టిగా వినిపిస్తాయి. ఒంట్లోని కండరాలన్నిటినీ పేర్లతో సహా కంఠస్థం చేయనిదే బొమ్మ కుదరదన్నది మొదటిది. శరీర నిర్మాణం చదవడం విదేశీ పద్ధతి, మన చిత్రకారులకూ శిల్పులకూ దాని అవసరం ఎప్పుడూ పడలేదు, అది నేర్చుకుంటే చేతిలోని గీత చచ్చిపోతుందన్నది రెండోది. హనుమకొండలో పిల్లలకు బొమ్మలు నేర్పుతూ, తీరిక దొరికితే బజార్లో కూర్చుని మనుషుల్ని గీసుకుంటూ ఈ రెండు మాటలూ ఏళ్ల తరబడి వింటున్నాను. రెండింటితోనూ నాకు పేచీ ఉంది. శరీర నిర్మాణం చదివి తీరాలి. అయితే ఆ చదువు కండరాలతో మొదలు కాకూడదు. మొదట చూడవలసింది బరువు. ఆ తర్వాత ఎముక. కండరం వంతు చివర వస్తుంది. ఈ వరస తారుమారైతే ఎన్ని పటాలు నకలు చేసినా బొమ్మ నిలబడదు.

నిలబడదు అంటున్నది అక్షరాలా. కాగితం మీది మనిషి నేల మీద ఉన్నాడా, గాలిలో వేలాడుతున్నాడా అన్నది బొమ్మల గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా చూడగానే పట్టేస్తారు. హనుమకొండ బస్టాండులో బస్సు కోసం చూస్తున్న ఎవరినైనా గమనించండి. కాసేపటికి బరువంతా ఒక కాలి మీదికి వెళ్తుంది. ఆ కాలి వైపు కటి, అంటే నడుము కింది తుంటి ఎముకల భాగం, పైకి లేస్తుంది, రెండో వైపు కిందికి దిగుతుంది. మొండెం పక్కకు ఒరిగిపోకుండా వెన్నెముక వంపు తిరిగి భుజాలను ఎదురు వాలుకు తెస్తుంది. మెడ అడుగున, రెండు జత్రుకల (భుజాల వైపు అడ్డంగా సాగే మెడ కింది ఎముకల) నడుమ ఉన్న గుంట నుంచి ఒక దారం వేలాడదీశామనుకోండి, అది బరువు మోస్తున్న పాదం దగ్గరికే వచ్చి తాకుతుంది. ఈ మూడు సంగతులు పట్టుకుంటే, ముఖం లేకుండా, వేళ్లు లేకుండా, పది గీతల్లో నిలబడ్డ మనిషి వస్తాడు. అందులో ఒక్క కండరం పేరైనా అక్కర్లేదు.

బరువును చూడటానికి వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డును మించిన చోటు నాకు తెలియదు. మిర్చి సీజనులో తెల్లవారకముందే బస్తాలు దిగడం మొదలవుతుంది. ఘాటుకు కళ్లు మండుతాయి, ముక్కుకు గుడ్డ కట్టుకోక తప్పదు. అక్కడ ఒక హమాలీ బస్తా ఎత్తుకునే తీరు చూడండి. ఇద్దరు చెరో కొసా పట్టి లేపుతారు. ఆయన వాళ్లకు వీపు తిప్పి, మోకాళ్లు వంచి, తుంటి దగ్గర ముందుకు వాలి బస్తా కిందికి వస్తాడు. మెడ వెనుక ఏడో వెన్నుపూస బొడిపెగా తేలుతుంది కదా, దానికి కొంచెం కింద, రెండు రెక్క ఎముకల మీదుగా బస్తా పరుచుకుంటుంది. చేతులు పైకి, వెనక్కి వెళ్లి బస్తా చెవులు పట్టుకుంటాయి. తల ముందుకు చొచ్చుకొస్తుంది. ఇక లెక్కలోకి వచ్చేది ఆయన బరువు ఒక్కటే కాదు, ఆయనదీ బస్తాదీ కలిసిన బరువు. ఆ ఉమ్మడి బరువు పాదాల మీదికి రావాలంటే ఒళ్లు ముందుకు వాలక తప్పదు. అడుగులు పొట్టివవుతాయి, వెంటవెంట పడతాయి. మోకాళ్లు పూర్తిగా చాచుకోవు.

ఒకసారి నాతో వచ్చిన కుర్రవాడు బస్తా మోస్తున్న మనిషిని శ్రద్ధగా గీస్తున్నాడు. వీపు మీద కండరాలన్నీ విడివిడిగా, ఛాయలతో సహా వేశాడు. పని మధ్యలో టీ తాగుతున్న ఒక హమాలీ వాడి పుస్తకంలోకి తొంగిచూశాడు. "తమ్ముడూ, ఈయన నడుము మీద మోస్తున్నాడు. ఇట్లా మోస్తే మధ్యాహ్నానికి పడిపోతాడు. బరువు కాళ్లలోకి దిగాలి" అని, గ్లాసు పక్కన పెట్టి, ఖాళీ చేతులతోనే వంగి నిలబడి చూపించాడు. మోకాలు ఎంత వంగాలో, పాదం మొండెం కిందికి ఎంత రావాలో ఆయన ఒంట్లోనే ఉంది. కుర్రవాడు వీపు జోలికి పోకుండా కాళ్లు మాత్రం చెరిపి మళ్లీ వేశాడు. బస్తాకు ఒక్కసారిగా బరువు వచ్చింది. కండరాల మీద వాడు పెట్టిన శ్రమంతా అప్పటిదాకా దేనికీ అక్కరకు రాకుండా ఉండిపోయింది, కాళ్లు కుదిరాక అదీ పనికొచ్చింది. నేను చెబుతున్న వరస ఇదే.

బరువు ఎక్కడికి పోతోందో కన్ను పట్టుకోవడం మొదలుపెట్టాక, దాన్ని మోస్తున్నది ఏమిటన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. ఎముకల చదువుకు సరైన సమయం అప్పుడే. పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు ఉంటాయి. వాటన్నిటినీ చిత్రకారుడు చదవనక్కర్లేదు. పుర్రె, పక్కటెముకల గూడు, కటి అనే మూడు పెద్ద దిమ్మెలు, వాటిని కలిపే వెన్నెముక, పెద్ద కీళ్లు తెలిస్తే చాలా దూరం నడవవచ్చు. ఆ మూడు దిమ్మెలూ తమలో తాము వంగవు. వాటి మధ్యనున్న మెడ, నడుము వంగుతాయి, మెలితిరుగుతాయి. మనిషి బొమ్మలోని కదలికలో సగం ఈ ఒక్క సంగతిలో ఉంది.

ఎముకను బొమ్మలో చూడటం వేరు, చేతిలోకి తీసుకోవడం వేరు. మా అన్నయ్య కూతురు వైద్యవిద్య మొదటి ఏడాదిలో ఉన్నప్పుడు, సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చే బోన్ సెట్ ఇంటికి తెచ్చుకుంది. కాకతీయ వైద్య కళాశాల 1959 నుంచి ఉన్న ఊరు ఇది. ఎముకల పెట్టె ఉన్న ఇల్లు వెతికితే ఏ వాడలోనైనా దొరుకుతుంది. బొమ్మలు వేసేవాళ్లు ఆ గుమ్మం ఎక్కరు, అంతే. ఆ పిల్ల పెట్టెలోంచి ఒక రెక్క ఎముక తీసి, "చిన్నాన్నా, దీన్ని కిటికీకి ఎదురుగా పెట్టి చూడు" అంది. మూడు మూలల పలక లాంటి ఆ ఎముక నడిమి భాగం ఎంత పలుచనంటే వెలుతురు అందులోంచి లేత పసుపు రంగులో ఇవతలికి వచ్చింది. అంచులు మాత్రం మందం. వెనుక వైపు పైభాగంలో ఏటవాలుగా ఒక గట్టు, ఆ గట్టు చివర భుజం కొన. లాగుడు, ఒత్తిడి పడే చోట ఎముక దట్టంగా ఉంది, పడని చోట కాగితమంత పలచబడింది. ఒకప్పుడు ఒక మనిషి వీపులో కదిలిన ఎముక అది. ఇద్దరం రెండు చేతులతో పట్టుకుని చూశాం.

ఈ ఎముక గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఎత్తిన చేతుల బొమ్మలన్నీ ఇక్కడే తేలిపోతాయి. రెక్క ఎముక పక్కటెముకలకు ఎక్కడా అతుక్కుని ఉండదు. మొండెంతో దానికున్న ఎముక బంధం జత్రుక ఒక్కటే. మిగిలినదంతా కండరాల పట్టు. అందువల్లే అది వీపు మీద జారుతుంది, తిరుగుతుంది. చేతిని పక్క నుంచి నిటారుగా పైకెత్తితే ఆ 180 డిగ్రీల్లో సుమారు 120 భుజం కీలులో జరుగుతాయి. మిగతా 60 డిగ్రీలు రెక్క ఎముక తిరగడం వల్ల వచ్చేవి. ఇది తెలియకుండా వేసిన బొమ్మలో చెయ్యి భుజానికి మేకు కొట్టి తగిలించినట్టుంటుంది. జనగామ వైపు వెళ్తే దారి పొడవునా తాటిచెట్లు కనిపిస్తాయి. చెట్టు మీద గీత కార్మికుడు మోకులోకి వెనక్కి ఒరిగి, రెండు చేతులూ తల పైకెత్తి గెల చెక్కుతున్నప్పుడు కింది నుంచి ఆయన వీపు చూడండి. రెక్క ఎముకల కింది కొనలు వెన్నును వదిలి పక్కలకు, దాదాపు చంకల కిందికి తిరిగి ఉంటాయి. జత్రుకల బయటి కొసలు చెవుల వైపు లేస్తాయి. వీపు వెడల్పే మారిపోతుంది. ఆయన బరువులో కొంత మోకు మోస్తోంది, కొంత చెట్టును తన్నిపట్టిన పాదాలు మోస్తున్నాయి. చేతులకు ఆ భారం లేదు కాబట్టే అంత ఎత్తులో పదునైన కత్తితో అంత సుతారంగా పని చేయగలుగుతున్నాయి. బరువూ ఎముకా కలిపి చదవడం అంటే ఇది.

ముంజేతిని చదవడానికి చెట్టు దాకా కూడా వెళ్లనక్కర్లేదు. మీ మోచేతి కొనను రెండో చేతి వేలితో పట్టుకుని, అక్కడి నుంచి చిటికెన వేలి వైపున్న మణికట్టు బొడిపె దాకా ఎముక అంచును తడుముతూ రండి. అది అరత్ని. ఆ పొడవునా అది ఎక్కడా కండరం చాటుకు పోదు, చర్మం కిందే దొరుకుతుంది. ఇప్పుడు అరచేతిని పైకీ కిందికీ తిప్పండి. వేలి కిందనున్న ఎముక దాదాపు కదలదు. బొటనవేలి వైపున్న రత్ని దాని మీదుగా అడ్డంగా పడుతూ చేతిని తనతో తిప్పుకుపోతుంది. అరచెయ్యి పైకి ఉన్నప్పుడు రెండూ పక్కపక్కన ఉంటాయి, మణికట్టు వైపు ముంజెయ్యి పలకగా ఉంటుంది. తిరగబడినప్పుడు ఒకదాని మీద ఒకటి పడి ముంజెయ్యి రూపమే మారుతుంది. ఇంట్లో జొన్నరొట్టె తట్టే చేతులను చూస్తూ దీన్ని గీయవచ్చు. రొట్టె తట్టేటప్పుడు అరచెయ్యి కిందికి ఉంటుంది, ఎత్తి పెనం మీదికి చేర్చేటప్పుడు తిరుగుతుంది. ఆ తిరగడంలో మోచేతి నుంచి మణికట్టు దాకా ప్రతి అంచూ చోటు మారుతుంది. పదే పదే జరిగే పని కాబట్టి మొదటిసారి అందని గీత పదో రొట్టెకు అందుతుంది.

ఇక కండరాలు. కండరం ఒక ఎముక దగ్గర బయలుదేరి, కీలు దాటి, ఇంకో ఎముకను పట్టుకుంటుంది. అది లాగగలదు, నెట్టలేదు. ఈ రెండు ముక్కలు అర్థమైతే ప్రతి కండరాన్నీ మూడు ప్రశ్నలతో చదవవచ్చు: ఎక్కడి నుంచి, ఎక్కడికి, దేన్ని లాగుతుంది? పేరు ఆ తర్వాత దానంతట అదే గుర్తుంటుంది. గోడకు తగిలించే పటాల్లో ఈ ప్రశ్నలకు జవాబు దొరకడం కష్టం. వాటిలో అన్ని కండరాలూ ఒకేసారి, ఒకే బిగువుతో కనిపిస్తాయి. బతికున్న ఒంట్లో అలా జరగదు. మోచెయ్యి మడిచి బరువు ఎత్తినప్పుడు ముందున్న కండరం బిగుస్తుంది, వెనకున్నది వదులవుతుంది. ఒకటి గట్టి గుండ్రం, ఒకటి మెత్తని చదును. ఆ తేడాలోనే పని కనిపిస్తుంది. పటాలు చూసి మాత్రమే నేర్చుకున్న పిల్లల బొమ్మల్లో మనుషులు అరటిపండు ఒలుస్తున్నా ఒళ్లంతా బిగించుకునే ఉంటారు. కొందరు వ్యాయామశాలల పోస్టర్లు చూసి నేర్చుకుంటారు. అవి కెమెరా ముందు కావాలని బిగించి నిలబడ్డ ఒళ్లు. వాటిలో కృషి ఉంది, దాన్ని నేను కాదనను. కానీ మన వీధుల్లో పని చేసే ఒళ్లు వేరు. కొత్తవాడలో గుంటమగ్గం మీద జంపఖానా నేసే పెద్దాయన చేతులు సన్నగా ఉంటాయి. పక్కనుంచి చూస్తే పెద్ద కండలేమీ కనిపించవు. కాళ్లు గుంటలో పావళ్లు తొక్కుతుంటే, కటి కదలకుండా, నడుము పైభాగం మాత్రమే కొద్దికొద్దిగా తిరుగుతూ ఆ చేతులు పొద్దంతా ఆడతాయి. ఆయనను గీయడానికి పోస్టరు చదువు ఎందుకూ పనికిరాదు.

పటాల చదువు అసలు ఎవరి నుంచి మొదలైందో వాళ్లు కూడా ఇలా చదవలేదు. లియొనార్డో డావిన్చీ 30కి పైగా శవాలను కోసి చూశానని చెప్పుకున్నాడు. 1510-11 చలికాలంలో పావియాలో మార్కాంటోనియో డెల్లా టొర్రే అనే శరీరశాస్త్ర ఆచార్యుడితో కలిసి పని చేశాడు. భుజాన్ని ఒకే వైపు నుంచి వేసి వదల్లేదు, చుట్టూ తిరుగుతున్నట్టు వరసగా అన్ని కోణాల నుంచీ వేశాడు. కొన్ని బొమ్మల్లో కండరాలు తీసేసి వాటి చోట తాళ్లు గీశాడు. ఏది దేన్ని ఎటు లాగుతుందో తెలియడానికి కండ అడ్డం వస్తుందని ఆయనకు అర్థమైంది. 1543లో బాసెల్‌లో అచ్చయిన ఆండ్రియాస్ వెసేలియస్ శరీర నిర్మాణ పుస్తకంలో చర్మం లేని మనుషులు కూడా కొండలూ ఊళ్లూ వెనుక పెట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి నిలబడతారు. పొర తరవాత పొర ఒలుస్తూ పోయి, చివరికి కండరాలు చాలామటుకు పోయాక ఆ శవం తనంతట నిలబడలేదని తాడుతో వేలాడదీసి చూపించారు. ఇప్పటి చౌకబారు పటాలు అందులోంచి నిలబడటాన్ని వదిలేసి పేర్లు మాత్రం తీసుకున్నాయి.

ఇప్పుడు రెండో పేచీకి వస్తాను. శరీర నిర్మాణం మనది కాదనేవాళ్ల వాదనను తేలిగ్గా తీసిపారేయలేను. దానికి అత్యంత బలమైన రూపం ఇచ్చినవాడు బెంగాల్ చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్. భారతీయ కళలో శరీర నిర్మాణం మీద ఆయన రాసిన వ్యాసం 1914లో పుస్తకంగా వచ్చింది. ముఖం కోడిగుడ్డు, మొండెం ఆవు ముఖం, చెయ్యి ఏనుగు తొండం, మోకాలి చిప్ప పీత డిప్ప, పిక్క చేప. సంప్రదాయం మనిషి ఒంటిని ఇలా ప్రకృతిలోని రూపాలతో పోల్చి గుర్తుపెట్టుకుందని ఆయన బొమ్మలతో సహా చూపించాడు. శాస్త్రం సంకెల కాకూడదని కూడా అదే వ్యాసంలో హెచ్చరించాడు. పిక్కను చేపగా చూసిన కన్ను గొప్ప కన్ను. రెండు పాయల కండరం పైన ఉబ్బి, కింద మడమ దాకా సన్నని స్నాయువుగా దిగిపోయే తీరంతా ఆ ఒక్క పోలికలో ఉంది. ఇలాంటి పోలికలు కొట్టిపారేసి లాటిన్ పేర్లు పట్టుకు వేలాడమని నేను ఎవరికీ చెప్పను.

కానీ తొండంలో ఎముక లేదు. దేవతామూర్తి చెయ్యి అభయముద్రలో, వరదముద్రలో ఉన్నప్పుడు తొండం పోలిక హాయిగా సరిపోతుంది. బస్తా చెవి పట్టుకున్న చేతికి, రొట్టె తిప్పే చేతికి వచ్చేసరికి అరత్ని, రత్ని ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి, మోచెయ్యి ఒక కోణం దగ్గర ఆగిపోతుంది. పోలిక మనకు రూపం ఇస్తుంది. ఆ రూపం కదిలితే ఏమవుతుందో మాత్రం చెప్పదు. ఆ సంగతి కీలు చెబుతుంది.

మన శిల్పులకు కీళ్ల సంగతి తెలియదనేవాళ్లు ఒక్కసారి పాలంపేట వెళ్లాలి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి అది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక జనం పెరిగారు కానీ, పొద్దున్నే వెళ్తే ఇప్పటికీ ప్రశాంతంగా కూర్చుని గీసుకోవచ్చు. బయటి స్తంభాల నుంచి చూరు కిందికి వాలి నిలబడ్డ నల్లరాతి మదనికలను, ఆ స్త్రీమూర్తులను చూడండి. కాళ్లు మామూలు మనిషికి ఉండనంత పొడవు, నడుము మరీ సన్నం. ఒక్క కండరం కూడా ఉబ్బి కనిపించదు. మరి వాళ్లు అంత సజీవంగా ఎందుకున్నారు? కటి ఒక వైపు లేచింది, భుజాలు ఎదురు వాలు తీసుకున్నాయి, తల మళ్లీ మొదటి వైపుకు ఒరిగింది. మోకాలు వంగవలసిన చోటే వంగింది, మోచెయ్యి తిరగవలసిన వైపే తిరిగింది. శిల్పి కొలతలు మార్చుకున్నాడు కానీ కీళ్లనూ బరువునూ మార్చలేదు. రాతిని అంత సన్నగా చెక్కినా ఆ స్త్రీలు నేల మీదే ఉన్నారు. నునుపైన పైపైని ఒంపులు చూసి మురిసిపోయి, లోపల ఇంత లెక్క ఉందని గుర్తించకపోతే ఆ శిల్పికి అన్యాయం చేసినట్టే.

ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందన్నదానికి జవాబు గుడి లోపలి స్తంభాల మీద, వాటి చుట్టూ ఆడుతున్న నర్తకుల మీద ఉంది. గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప సేనాని 13వ శతాబ్దం నడుమ నృత్తరత్నావళి రాశాడు. అడుగు, మోకాలు, కటి, వక్షం, మెడ ఏది ఎలా కదలాలో విడమరిచి చెప్పే శాస్త్రం అది. ఏడు వందల ఏళ్ల తర్వాత నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని తిరిగి బతికించేటప్పుడు ఆ గ్రంథాన్నీ ఈ గుడి శిల్పాలనూ కలిపి చదివాడు. రాతిలోని భంగిమను ఒక మనిషి తన ఒంట్లోకి తెచ్చుకుని ఆడగలిగాడంటే, ఆ భంగిమ చెక్కినవాడు ఒంటిని ఎంత బాగా చూసి ఉండాలి! విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం కూడా ఇదే దారి చెబుతుంది. శిల్పం తెలియాలంటే చిత్రం తెలియాలి, చిత్రం తెలియాలంటే నృత్యం తెలియాలి అంటుంది. క్షయవృద్ధి పేరుతో, ఒళ్లు పక్కకు తిరిగినప్పుడు ఏ భాగం కుదించుకుపోతుందో, ఏది పెరుగుతుందో చర్చిస్తుంది. నిద్రపోతున్నవాడిలో చైతన్యం ఉన్నట్టు, చనిపోయినవాడిలో లేనట్టు వేయగలిగినవాడే చిత్రకారుడని అంటుంది. పడుకున్న ఇద్దరిలో ఎవరు బతికున్నారో గీతలో చూపాలంటే ఒంట్లో బిగువు ఎక్కడ మిగిలి ఉంటుందో, ఎక్కడ పూర్తిగా జారిపోతుందో తెలియాలి. దాన్ని శరీర నిర్మాణ అధ్యయనం అనక ఇంకేమంటాం? సుశ్రుత సంహిత ఇంకో అడుగు ముందుకు వెళ్లి, శవాన్ని గడ్డితో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, ఆ తర్వాత పొరపొరగా తోమి ప్రతి అంగాన్నీ కళ్లతో చూడమంది. ఇది పరాయి విద్య అనడానికి నాకు నోరు రాదు.

చెర్యాల పటం మాటేమిటి అని అడుగుతారు. పటానికి దాని ధర్మం దానికుంది. ఎర్రని నేల మీద పెద్ద కళ్లతో, పక్కకు తిరిగిన ముఖాలతో వరసగా సాగే ఆ బొమ్మలు, ఊరి నడుమ కథ చెబుతుంటే దూరం నుంచి జనం గుర్తుపట్టడానికి పుట్టాయి. నకాశీ చిత్రకారుడి గీతలో తరాల సాధన ఉంది. అక్కడికి పోయి రెక్క ఎముక గురించి పాఠం చెప్పడం తెలివితక్కువతనం. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది మాత్రం వాళ్ల నాన్న మగ్గం మీద కూర్చున్నట్టు, అమ్మ నాట్లు వేస్తున్నట్టు, ఫలానా మనిషి ఫలానా పని చేస్తున్నట్టు వేయాలని వస్తారు. వాళ్లకు కావలసింది ఇది. ఈ నేల మీద పుట్టిన పెద్ద చిత్రకారుల దారులు కూడా ఒక్కటి కావు. కరీంనగర్ వైపు అన్నారంలో 1915లో పుట్టిన పి.టి. రెడ్డి బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లారు, సజీవ నమూనాలను చూసి గీయడం అక్కడి పద్ధతి. మహబూబాబాద్ దగ్గరి పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోసు దగ్గర నేర్చుకున్నారు. రెండు దారుల్లోనూ చూపు గట్టిపడింది.

అసలు అడ్డంకి వేరే ఉంది. ఒంటిని చూడటం, గీయడం సిగ్గుపడవలసిన పని అన్న భావం మన ఇళ్లలో గట్టిగా ఉంది. ఆడపిల్లలకు మరీ ఎక్కువ. ఒక అమ్మాయి నోటుపుస్తకంలో కటి ఎముక వేసుకుందని ఇంట్లో పుస్తకం చించేశారు. ఆ పిల్ల మర్నాడు ఏమీ చెప్పకుండా చెట్లు గీసుకుంటూ కూర్చుంది. నాకు ఆ రోజు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. ఎముకకు సిగ్గేమిటి? ఎనిమిది వందల ఏళ్లుగా రామప్పలో ఊరందరి ముందూ, పిల్లాపాపలతో వచ్చినవాళ్ల ముందూ నిలబడి ఉన్న ఒళ్లను చూసి ఎవరు చెడిపోయారు? చిత్రకళ చదివే పెద్ద పిల్లలకు మర్యాదగా, పద్ధతిగా నగ్న నమూనాను చూసి గీసే అవకాశం ఉండాలనే నేను అంటాను. మా ఊళ్లలో అది వెంటనే జరగదని తెలుసు. జరిగేదాకా చదువు ఆపనక్కర్లేదు.

బట్ట కట్టుకున్న ఒళ్లు కూడా అన్నీ చెబుతుంది, చదవడం తెలిస్తే. బట్ట మడతలు ఎక్కడపడితే అక్కడ పుట్టవు. ఎముక ముందుకు వచ్చిన చోటి నుంచి, లేదా బట్ట బిగుసుకున్న చోటి నుంచి బయలుదేరతాయి. భుజం కొన, కటి అంచు, మోకాలు: చీర వీటి మీద ఆని, వీటి మధ్య వేలాడుతుంది. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు, పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల నాడు వలయంగా తిరిగే ఆడవాళ్లను చూడండి. ముందుకు వంగి చప్పట్లు కొట్టినప్పుడు వంపు నడుములో ఎంత, తుంటి కీలులో ఎంత అన్నది కుచ్చిళ్ల వాలే చెప్పేస్తుంది. పక్కకు అడుగు వేస్తుంటే బరువు ఈ కాలి నుంచి ఆ కాలికి మారే క్షణంలో కుచ్చిళ్లు ఒక వైపు చెదిరి, రెండో వైపు తొడకు అంటుకుంటాయి. పసిపిల్లలు, ముసలమ్మలు ఒకే వలయంలో ఉంటారు కాబట్టి కొలతల పాఠం కూడా అక్కడే దొరుకుతుంది. పుట్టిన బిడ్డ సుమారు నాలుగు తలల పొడవుంటుంది, పెద్దవాళ్లు ఏడున్నర తలలు. ఎనిమిది తలల మనిషి పుస్తకాల ఆదర్శం. మన శాస్త్రాల నవతాళం తొమ్మిది తాళాలు, ఒక్కో తాళం 12 అంగుళాలు, మొత్తం 108. ఇక్కడ అంగుళం అంటే ఇంచు కాదు, వేలి వెడల్పు కొలత. తాళం అంటే తల మొత్తం కాదు, జుట్టు మొదలయ్యే చోటి నుంచి గడ్డం దాకా ముఖం. అందుకే ఆ లెక్కకూ ఈ లెక్కకూ జనం వాదించుకునేంత దూరం లేదు. ఏ లెక్కయినా మొదటి చూపుకు ఊతం మాత్రమే. వెన్ను వంగిన ముసలమ్మను ఎనిమిది తలలకు సాగదీస్తే ఆమె ఇంకెవరో అయిపోతుంది.

పని చేస్తున్న మనుషుల్ని గీసేటప్పుడు అడిగి గీయాలి. ఇది మర్యాద కోసం ఒక్కటే కాదు. అడిగితే మాటలు కలుస్తాయి, ఏ పనిలో ఎక్కడ నొప్పి పుడుతుందో చెబుతారు. నొప్పి ఉన్న చోటే బరువు ఉంటుంది. వేసిన బొమ్మ వాళ్లకు చూపించాలి, అడిగితే ఇచ్చేయాలి. ఫోనులో ఫొటో తీసుకుని ఇంటికి వచ్చి వేసుకుంటామనే పిల్లలకు నేను ఒకటే చెబుతాను: ఫొటోలో ఒక క్షణమే ఉంటుంది. ఆ క్షణానికి ముందు కాలు ఎక్కడుందో, తర్వాత ఎక్కడికి పోతుందో అందులో లేదు. ఫొటోను తోడు పెట్టుకోండి, కానీ ముందు అక్కడ నిలబడి కళ్లతో చూసి గీయండి.

మా జిల్లాల్లో డ్రాయింగ్ చెప్పేవాళ్లందరినీ నేను కోరేది ఒక చిన్న పని. చాలా ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం గదిలో ఒక అస్థిపంజరం నమూనా ఉంటుంది. పరీక్షల ముందు తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు. సైన్సు టీచరును అడిగి డ్రాయింగ్ తరగతికి తెచ్చుకోండి. మొదటి వారం దాన్ని గీయించవద్దు. పిల్లల్ని ఇద్దరిద్దరుగా నిలబెట్టి, ఒకరు చెయ్యి పైకెత్తుతుంటే రెండోవారు అరచేతిని వాళ్ల చొక్కా మీదుగా రెక్క ఎముకపై ఆనించి అది ఎటు జారుతుందో కనుక్కోమనండి. ఆడపిల్లలకు ఆడపిల్లలే జత. ఆ తర్వాత నమూనాలో అదే ఎముకను చూపించండి. రెండో వారం ఒక కాలి మీద నిలబెట్టి కటి వాలు, భుజాల వాలు రెండు గీతల్లో వేయించండి. కండరాల పటం బీరువాలోనే ఉండనివ్వండి. అది ఎప్పుడు కావాలో పిల్లలే అడుగుతారు.